జాయింటంటే అతుకేనా అండీ?

వెల్డింగ్ ఆయన పోయారన్న సంగతి నాకు మా పాత బడి అటెండరు చెప్పాడు. కూతురి పెళ్ళికి పిలవడానికి ఫోన్ చేసి, తేదీ, ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ చెప్పి, ఇక పెట్టేయబోతూ, "అన్నట్టు మేడమ్ గారండీ, లాకుల దగ్గర వెల్డింగ్ ఆయన పోయేరండీ. ఇయ్యాల్టికి తొమ్మిదో రోజండీ. మీకెవరో చెప్పే ఉంటారనుకున్నానండీ" అన్నాడు.

నాకెవరూ చెప్పలేదు. ఆయన చావుకి నేను ఏడవాల్సిన మనిషినని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నది నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు ఒకసారి ఊరంతటి నోళ్ళలో పడి నలిగింది. దాన్ని మళ్ళీ పదిమంది ముందుకి తెచ్చే అర్హత నాకు లేదు. మనిషి ఎలా ఉండేవారో మాత్రం చెప్పగలను. పొట్టి మనిషి. ఎడమ కనుబొమ సగమే ఉండేది, మిగతాది ఎప్పుడో నిప్పురవ్వ పడి కాలిపోయింది. చేతుల నిండా మశూచి మచ్చల్లాంటి మచ్చలు. ఎంత ఎండాకాలమైనా బయటికొస్తే పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేస్తే వెంటనే కూర్చునేవారు కాదు. ముందు దాన్ని తలకిందులు చేసి, కాళ్ళు కలిసే చోట బొటనవేలితో నొక్కి చూసి, అప్పుడు నిలబెట్టి కూర్చునేవారు. ఒక పెళ్ళిలో భోజనాల పందిట్లో కూడా ఇనప కుర్చీని అలా తిప్పి చూడడం నేను చూశాను. పక్కనున్నవాళ్ళు నవ్వుతుంటే, "నవ్వండి, నవ్వండి. కింద పడ్డాక నవ్వలేరు కదండీ" అన్నారు.

ఐనవిల్లికీ పి.గన్నవరానికీ మధ్యనున్న ఒక ఊళ్ళో హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. కాలవ గట్టు పక్కన ఒక వాటాలో అద్దెకుండేదాన్ని. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన న్యూస్‌పేపర్లో చుట్టిన చిన్న పుస్తకం పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. అదే మొదటిసారి చూడడం.

"టీచరుగారండీ, నాకు వెల్డింగు వచ్చండీ. ఇంగ్లీషు రాదండీ. మస్కట్ ఎళ్ళాలంటే పరీక్షెడతారంటండీ. మొదటి ప్రశ్నే జాయింటు అంటే ఏంటనంటండీ. పదకొండేళ్ళ నుంచీ జాయింట్లే ఏస్తన్నానండీ. అదేంటో చెప్పమంటే మాత్రం నోరు రావట్లేదండీ."

నేను పుస్తకం తెరిచి చూశాను. పడవలో తడిసి ఆరినట్టు ఉబ్బిపోయి ఉంది.

"జాయింటంటే అతుకేనా అండీ?" అని అడిగారు.

"అతుకు అనొచ్చు. ఇక్కడ రాసిందేమిటంటే, రెండు వస్తువులు కలిసే చోటు అని."

"చోటా అండీ? పని కాదా అండీ?"

"చోటే."

కుర్చీ అప్పటికే తిప్పి చూసుకున్నారు కాబట్టి నింపాదిగా వెనక్కి వాలారు. "అయితే నేనేసేది జాయింటు కాదన్నమాట. అదక్కడ ముందే ఉందన్నమాట. నేను దాన్ని పట్టుకునేలా చేస్తానంతే" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న నాకు ఆ మాటలో అంత తేడా ఉందని అప్పటిదాకా తట్టలేదు.

పుస్తకంలో ఐదు రకాల జాయింట్లు ఉన్నాయి. పేర్లు నోటికి పట్టకపోతే రెండు చేతులతో పట్టుకున్నారు. అరచేతుల అంచులు ఒకదానికొకటి ఆనిస్తే బట్ జాయింటు. ఒక చెయ్యి మీద ఒక చెయ్యి సగం జరిపితే లాప్ జాయింటు. నిలువు చేతి మీద అడ్డం చెయ్యి పెడితే టీ జాయింటు. తరవాత మూల, తరవాత అంచు. నాలుగు ఆదివారాల్లో ఐదూ వచ్చేశాయి. తొమ్మిదో తరగతిలో ఆ పదం వచ్చినప్పుడల్లా నేను కూడా అలాగే చేతులతో చూపించేదాన్ని.

పరీక్షకి కావలసినవి అయిపోయినా ఆయన ఆగలేదు. ఆ ఒక్క మాట వెంట పడ్డారు. ఎక్కడ విన్నా, ఎక్కడ చూసినా మోసుకొచ్చేవారు.

"జాయింటు కలెక్టరు గారంటే ఎవరితో అతుక్కున్నట్టండీ?"

"కలెక్టరు గారితో కలిసి పని చేసేవారని."

"జాయింటు పట్టా అంటే?"

"ఇద్దరి పేరు మీద కలిపి ఉండే పట్టా."

"మరి జాయింటు ఫ్యామిలీ అంటారు కదండీ. మా అన్నదమ్ములు ముగ్గురం ఒకింట్లోనే ఉంటామండీ. మాది లాప్ జాయింటండీ. చోటు చాలక ఒకళ్ళ మీద ఒకళ్ళం పడుకుంటాం." చెప్పి ఆయనే ముందు నవ్వేవారు. సగం కనుబొమ పైకి లేచేది.

మస్కట్ వెళ్ళాక ఫోనులో మాటలు రికార్డు చేసి పంపేవారు. వెనక ఎప్పుడూ గ్రైండరు మోత. ఒకసారి, "టీచరుగారండీ, ఇక్కడో కుర్రోడు జాయింటు కావాలా అనడిగేడండీ. ఏ సైజు పైపుకి అన్నానండీ. క్యాంపంతా నవ్వేరండీ. ఎందుకండీ?" అని వచ్చింది. గంజాయి చుట్టకి కూడా ఆ మాట వాడతారని చెప్పడానికి నాకు సిగ్గేసింది. తెలియదని చెప్పాను. ఇంకోసారి, సైటులో గోడ మీద రాసిన వాక్యం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి పంపారు. భద్రత మనందరి జాయింటు బాధ్యత అని దానర్థం. "భద్రతకి అతుకేంటండీ?" అని ఆయన సందేహం. ఒక్కరిది కాదు, అందరిదీ కలిపి అని నేను జవాబు పంపాను. కాసేపటికి మళ్ళీ మోగింది. "మంచి మాటేనండీ. కానీ ఇక్కడ ప్రతి అతుకు పక్కనా ఏసినోడి నెంబరు కొట్టిస్తారండీ. పైపు పగిలితే ఆ నెంబరునే పిలుస్తారండీ."

కాంట్రాక్టు అయిపోయి తిరిగొచ్చాక కాలవ లాకుల దగ్గర రేకుల షెడ్డు వేశారు. గేట్లు, కిటికీ చువ్వలు, ట్రాక్టరు ట్రక్కులు, కొబ్బరికాయలు వలిచే గునపాలు, ఏదైనా చేసేవారు. అక్కడ నేర్చుకున్న అలవాటు ఒకటి తెచ్చుకున్నారు. అతుకు పూర్తయ్యాక పైన కట్టిన చిట్టెం పెచ్చు కొట్టేసి, సుత్తితో తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. ఆ మోత నచ్చితే పక్కన ఉలితో మూడు చిన్న గీతలు కొట్టేవారు. నచ్చకపోతే కోసి మళ్ళీ వేసేవారు. ఆ మూడు గీతలు పడేదాకా రంగు తగలనిచ్చేవారు కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో గేటు మీద ఆ గీతలుంటే, "ఓహో, ఆయనదా? అయితే ఫర్వాలేదు" అనుకునేవారు.

ఇంతవరకూ రాయడం నాకు కష్టం కాలేదు.

అప్పటికి మా హెడ్మాస్టరు గారు బదిలీ అయి, కొత్తవారు రాకపోవడంతో ఆ బాధ్యత నా మీద పడింది. నాకది ఇష్టంగానే ఉండేది. ఒక సాయంత్రం కబురొచ్చింది. ఎల్లుండి పొద్దున్న జాయింట్ డైరెక్టరు గారు మన మండలానికొస్తున్నారు, మీ బడి చూస్తారు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు ముఖ్యంగా చూస్తారు అని. బడి వెనకాల ఇనప స్టాండు మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది. మూడు నిలువుల ఎత్తు. దానికున్న నిచ్చెన పైభాగం తుప్పు పట్టి ఒక పక్కకి వేలాడుతోంది. మర్నాడు ఆయన్ని పిలిపించాను.

ఆయన నిచ్చెన ఎక్కలేదు. వేరే వెదురు నిచ్చెన తెచ్చుకుని దాని మీంచి చూశారు. సుత్తితో రెండు చోట్ల కొడితే తుప్పు పొడిలా రాలింది. కిందికి దిగి చేతులు తుడుచుకున్నారు.

"టీచరుగారండీ, పట్టే చోట ఇనుము లేదండీ, తుప్పే ఉంది. పైన మూడడుగులు కోసేసి కొత్త యాంగ్లర్ కమ్మీలు ఎయ్యాలండీ. రెండ్రోజులు పడుద్దండీ."

"రేపు పొద్దున్నే ఆఫీసరు గారొస్తారు. ఇవాళ అది వేలాడకుండా నిలబెట్టండి చాలు."

"నిలబడ్డం వేరండీ, మొయ్యడం వేరండీ."

"ఎవరూ ఎక్కరు. నేను చూసుకుంటాను."

"తుప్పు మీద వెల్డింగు రాడ్డెట్టకూడదండీ. రెండు చుక్కలు పెడితే అతికినట్టు కనపడుద్దండీ. ఆ కనపడ్డమేనండీ ప్రమాదం. ఇరిగిపోయి ఏలాడతంటే ఎవరూ ఎక్కరు కదండీ."

ఆయన చెప్పింది నాకు అర్థం కాక కాదు. అర్థమైంది. కానీ మర్నాటి పొద్దున్న తప్ప నాకింకేమీ కనపడలేదు. "ఇన్నేళ్ళ పరిచయంలో నేను మిమ్మల్ని ఏమైనా అడిగానా? ఇదొక్కటీ అడుగుతున్నాను. నా మాట కాదంటారా?" అన్నాను. నాలుగు ఆదివారాలు ఉచితంగా చెప్పిన చదువు ఆ మాటలో ఉంది. అది ఆయనకీ తెలిసింది. తల దించుకుని, "ఆయ్" అన్నారు.

రెండు పక్కలా రెండేసి చుక్కలు పెట్టారు. మూడు గీతలు కొట్టలేదు. నన్నడిగి నల్ల రంగు తీసుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద రేకు ముక్క కట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో ‘ఎక్కరాదు’ అని రాశారు. "ఎల్లుండొచ్చి సరిచేస్తానండీ. అందాకా ఆ రేకు తియ్యనివ్వకండేం" అని రెండుసార్లు చెప్పి వెళ్ళారు.

సాయంత్రం స్టాండుకీ నిచ్చెనకీ సిల్వర్ పెయింటు వేయించాను. రేకు ముక్క అధికారి కంటపడితే బాగుండదనిపించింది. దాన్ని అటెండరు చేత విప్పించి నా గదిలో బీరువా వెనక పెట్టాను. పెట్టినప్పుడు ఆయన మాట గుర్తు లేదని అబద్ధం చెప్పను. ఒక్కరోజే కదా అనుకున్నాను.

అధికారి వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. ట్యాంకు వారానికోసారి కడిగించమని చెప్పి వెళ్ళారు. మర్నాడు చెప్పినట్టే ఆయన గ్యాసు సిలిండరు రిక్షా మీద వేసుకుని వచ్చారు. ఆ రోజు పదో తరగతి పిల్లలకి పరీక్ష జరుగుతోంది. గ్రైండరు మోత పిల్లలకి ఇబ్బంది అని, సోమవారం రమ్మన్నాను. ఆయన నిచ్చెన కేసి చూశారు. తళతళ మెరుస్తోంది.

"రేకేదండీ?"

"లోపలుంది. మళ్ళీ కట్టిస్తాను."

"మర్చిపోకండేం" అన్నారు.

నేను మర్చిపోయాను. మర్చిపోవడం అనే మాట కూడా ఇక్కడ సరిపోదు. ఆ మధ్యాహ్నం నా మీద అభినందనల వర్షం. పక్క బళ్ళ హెడ్మాస్టర్లు ఫోన్లు చేస్తున్నారు. రేకు బీరువా వెనకే ఉండిపోయింది.

శనివారం ఉదయం అటెండరుతో ట్యాంకు కడిగించమని చెప్పాను. నిచ్చెన మాట చెప్పలేదు. అతను ఆయా సత్యవతితో చెప్పాడు. ఆమె బ్లీచింగ్ పొడి గిన్నె, చీపురు పట్టుకుని ఎక్కింది. నేను ప్రార్థన జరిగే చోట పిల్లలతో ఉన్నాను. ముందు ఇనుము చిరిగిన చప్పుడు, తరవాత ఇంకో చప్పుడు. కిందున్న సిమెంటు గట్టు మీద ఆమె వెల్లకిలా పడి ఉంది. చుట్టూ తెల్లగా పొడి. కళ్ళు తెరిచే ఉన్నాయి. "కాళ్ళు కనపడట్లేదండీ" అంది. కాళ్ళు అక్కడే ఉన్నాయి. తెలియట్లేదు అనబోయి అలా అంది.

రెండో రోజు బడి వరండాలో పంచాయితీ జరిగింది. విచారణకొచ్చిన అధికారి ఒకరు, ఊరి పెద్దలు నలుగురు, సత్యవతి అక్క, నేను. ఆయన్ని పిలిపించారు. అదే పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చారు. కుర్చీ వేశారు. ఆ రోజు దాన్ని తిప్పి చూడలేదు, కూర్చోనూ లేదు.

"ఈ అతుకేసింది ఎవరు?"

"నేనేనండీ."

పెద్దల్లో ఒకరు ఆయన మీద అభిమానంతోనో ఏమో, "నీ గీతలు లేవు కదయ్యా దాని మీద. నీది కాదేమో చూసుకో" అన్నారు.

"గీతల్లేకపోయినా చెయ్యి నాదేనండీ."

"ఇలాంటి తుప్పు మీద రెండు చుక్కలెట్టి వదిలేస్తావా?"

"ఆయ్. వదిలేసేనండీ."

అంతే. ఎందుకు వదిలేశావని అడిగారు. ఆయన మాట్లాడలేదు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను చెబుతానని ఎదురు చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అధికారి నా వైపు తిరిగి, "మీకేమైనా తెలుసా మేడమ్?" అన్నారు.

నేను నోరు తెరిచి చెప్పిన మాట ఇది: "మళ్ళీ వచ్చి సరిచేస్తానని చెప్పారండీ."

అందులో అబద్ధం లేదు. ఆయన ఆ మాట అన్నారు, వచ్చారు కూడా. వచ్చిన మనిషిని వెనక్కి పంపానన్న ముక్క నేను చెప్పలేదు. విన్నవాళ్ళకి మాత్రం, పని సగంలో వదిలేసి వస్తానని రాని మనిషి కనిపించాడు. ఆయన అప్పుడు తలెత్తి నన్ను చూశారు. కోపంగా కాదు. తరగతిలో పిల్లవాడు తెలిసిన జవాబు తప్పు చెప్పినప్పుడు నేను ఎలా చూసేదాన్నో అలా చూశారు.

అటెండరుకి రేకు సంగతి తెలుసు. విప్పింది తనే కాబట్టి తన మెడకి చుట్టుకుంటుందని భయపడ్డాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ రాతలున్న రేకుని వారం తరవాత నేనే చెత్తతో పాటు పంపించేశాను.

సత్యవతిని కాకినాడ తీసుకెళ్ళారు. నెల తరవాత ఆయన బడికి వచ్చారు. నా గది బయటే నిలబడి, ఎప్పట్లాగే ఒక మాటకి అర్థం అడిగారు.

"టీచరుగారండీ, డాక్టరు గారు ఎన్నుపూసల దగ్గర జాయింటు దెబ్బతిందన్నారండీ. మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పేరండీ. ఆ జాయింటు అతకదా అండీ?"

"అతకదేమోనండీ" అన్నాను.

"ఏ పద్ధతిలోనూ?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కాసేపు తన రెండు చేతులూ చూసుకున్నారు. ఒకదాని అంచుకి ఒకటి ఆనించి, మళ్ళీ విడదీసి, జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన నన్ను ఏ మాటకీ అర్థం అడగలేదు.

షెడ్డుకి పని రావడం ఆగిపోయింది. ఊళ్ళో ఎవరో తన గేటు మీదున్న మూడు గీతల్ని గ్రైండరుతో అరగదీయించుకున్నారని విన్నాను. ఆయన చివరిగా ఒక మంచం చేశారు. ఇనప గొట్టాల మంచం, తలవైపు పిడి తిప్పితే పైకి లేచేది, పక్కలకి ఆనుకునే కమ్మీలు. దాన్ని సత్యవతి ఇంటికి చేర్చి, మర్నాడు షెడ్డు రేకులు విప్పేశారు. తరవాత పి.గన్నవరం దగ్గర ఒక కొబ్బరి కొట్టులో కాపలాకి కుదిరారు. నాకు మంచి బడికి బదిలీ అయింది. శాలువా కప్పి పంపించారు. రిటైరయ్యాక అమలాపురంలో ఇల్లు తీసుకున్నాను.

పోయిన ఏడాది పి.గన్నవరం బస్టాపులో ఆయన కనిపించారు. బాగా చిక్కిపోయారు. నేనే పలకరించాను. "బాగున్నారా టీచరుగారండీ" అని లేచి నిలబడ్డారు. చుట్టూ ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది అక్కడ బయటికొచ్చేసింది. ఆ రేకు తీయించింది నేనని, వరండాలో చెప్పాల్సింది చెప్పలేదని, నన్ను క్షమించమని, ఏదేదో అన్నాను. ఆయన మొత్తం విన్నారు.

"నాకు తెలుసు కదండీ అదంతా" అన్నారు. "మీరది చెప్పాల్సింది నాకు కాదు కదండీ."

"సత్యవతితో చెబుతాను. వస్తాను."

"ఆయ్. రండి. సాయంత్రమైతే నేనూ అక్కడే ఉంటానండీ."

నా బస్సు వచ్చింది. వస్తానని చెప్పిన నేను ఏడాది పాటు వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులన్నాను, ఎండలన్నాను, వానలన్నాను. ఆయన ఉండగా వెళ్ళి ఉంటే కనీసం ఒక్క మనిషి ఎదుట తప్పు ఆయనది కాదని తేలేది. ఆయన పోయాక గానీ నా కాళ్ళు కదల్లేదు.

అటెండరు ఫోన్ చేసిన మూడో రోజున వెళ్ళాను. నాలో ఒక్క ఊరట మాత్రం అప్పటికింకా మిగిలి ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకునే బతికాను. సత్యవతికి చదువు రాదు. రేకు అక్కడే ఉన్నా ఆమె చదవలేదు, ఎలాగూ ఎక్కేదే. అలా అని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయా కాబట్టి చదువు రాదని నేనే అనుకున్నాను.

సిమెంటు రేకుల ఇల్లు. సత్యవతి ఆ మంచం మీదే ఉంది. మొహం తెల్లగా పాలిపోయి, జుట్టు కత్తిరించి ఉంది. వాళ్ళక్క నన్ను గుర్తుపట్టి పీట వేసింది. ఆయన గురించే చెప్పింది ముందు. "కొట్టు నుంచి రోజూ సాయంత్రం సైకిలేసుకుని వచ్చేవారండీ. దుప్పటి నేనీ చివర, ఆయనా చివర పట్టుకుని దీన్ని పక్కకి తిప్పేవాళ్ళమండీ. తిప్పకపోతే వీపు పుండ్లు పడతాయి కదండీ. ఆనాడు వరండాలో నలుగురి ముందూ నా చేత తిట్లు తిన్నారండీ ఆయన. అయినా రావడం మానలేదు. ఒక్కనాడూ నోరిప్పి ఇదీ సంగతని చెప్పలేదండీ."

నేను చెప్పాను. పీట మీద కూర్చుని, మంచం కమ్మీ పట్టుకుని, అధికారి రాక దగ్గర్నుంచి వరండాలో నా మాట దాకా అంతా చెప్పాను. వాళ్ళక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సత్యవతి నా మొహమే చూస్తూ వింది.

"ఆ రేకు మీద ఏం రాసేరండీ?" అంది.

"ఎక్కరాదు అని."

"తెలుగులోనేనా అండీ?"

"తెలుగులోనే."

ఆమె కళ్ళు పైకప్పు కేసి తిప్పింది. "నాకు చదవడం వచ్చండీ" అంది. "ఏడో తరగతి దాకా చదివేనండీ. బోర్డు మీద మీరు రాసే మంచి మాట తుడిచే ముందు రోజూ చదువుకునేదాన్నండీ."

వాళ్ళక్క లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియనట్టు కాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. బయట పొద్దు వాలుతోంది.

"దీన్ని తిప్పే ఏళయిందండీ" అంది చివరికి. "ఆయన పోయిన కాడ్నుంచీ ఒక్కదాన్నే ఈడుస్తన్నానండీ. మేడమ్ గారూ, కొంచెం ఆ చివర పట్టుకుంటారా?"

నేను లేచి దుప్పటి అంచు అందుకున్నాను.

"వద్దక్కా" అంది సత్యవతి. నా వైపు చూడలేదు. గొంతు పెంచలేదు. "ఆవిడొద్దు. పక్కింటోళ్ళని పిలు."

దుప్పటి వదిలేసి బయటికొచ్చాను. పక్కింటావిడ తడి చేతులు తుడుచుకుంటూ నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. ఒకటి, రెండు, ఊఁ అని ఇద్దరూ ఎత్తడం, మంచం కిర్రుమనడం వినిపించాయి. వాళ్ళ పని అయ్యేదాకా గుమ్మం బయటే నిలబడ్డాను. అయ్యాక కూడా లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.